ముక్కువంకర మేనమామ

దళవాయి చిక్కనాయకుణ్ణి నాలుగు తిట్లు తిట్టకుండా బొల్లప్ప నోట్లో ముద్ద పెట్టుకున్న రోజు లేదు. లేచీ లేవగానే "వాడి గుర్రం కుంటుపడ!" అని మొదలుపెట్టేవాడు. పడుకునే ముందు "వాడి మేడకు చెద పట్ట!" అని ముగించేవాడు. తిట్టడానికి కారణం లేకపోలేదు. బొల్లప్ప వంశం తాతలనాటి నుంచి వెన్నేటి దారికి కావలి. కేసరావతి కోట నుంచి వెన్నేరు రేవు దాకా పోయే ఆ పాత బండ్లబాటలో గండి పడిన చోట రాళ్లు పేర్చి, కంప పెరిగిన చోట నరికి, దారి తప్పినవాళ్లను రేవు చేర్చినందుకు వెనకటి రాజులు ఆ వంశానికి రేవు పక్కనే మాన్యం ఇచ్చారు. చిక్కనాయకుడు రాజుగారి సేనలకు దళవాయి అయిన ఏడాదే తన సత్రాల ముందు నుంచి పోయేలా కొత్త రాజబాట వేయించాడు. సుంకం దండుకోవాలి కదా! "బాటే లేనప్పుడు బాటకావలికి మాన్యమెందుకురా?" అని ఒక్క మాటతో నేల లాగేసుకున్నాడు. ఆ దిగులుతో బొల్లప్ప భార్య కన్నుమూసింది. పిల్లాజెల్లా లేరు. ఆనాటినుంచి కొండచీపుళ్లు కట్టి అమ్ముకు బతుకుతున్నాడే గాని, బొల్లప్ప ఆ దారి మొహం చూడలేదు.

అలాంటివాడు ఇవాళ పొద్దున్నే నెత్తిన చీపుళ్ల మోపుతో ఆ దారినే పడ్డాడు. వెనకాల ఇంకో చిన్న మోపు మోస్తూ, మసిగుడ్డలాంటి చీర కట్టి, చెంపలకు బూడిద పూసుకుని ఒక పిల్ల వస్తోంది. చూసినవాళ్లకు చీపుళ్లమ్మే బొల్లప్ప కూతురు గంగి. నిజానికి ఆమె కేసరావతి రాజకుమారి మధూలిక.

రాజుగారు పోయి నెల తిరగలేదు. మధూలికకు సాక్షాత్తూ మేనమామ అయిన చిక్కనాయకుడు, మేనరికం తన హక్కన్నాడు, రేపు పొద్దున్నే ముహూర్తమన్నాడు. తాళి పడిందా, పిల్లతోపాటు సింహాసనం కూడా వాడిదే. ఈ పొద్దు వాలేలోగా వెన్నేరు దాటితే అవతల శ్వేతగిరి రాజు ఉన్నాడు. ఆమె తండ్రికి ప్రాణమిత్రుడు. రాజబాట నిండా దళవాయి భటులు. మిగిలింది జనం మరిచిన ఈ పాత దారి. దాని మలుపులు తెలిసినవాడు బొల్లప్ప ఒక్కడే. "నేను సింహాసనం ఎక్కిన రోజు నా మొదటి శాసనం నీ మాన్యం మీదే" అని ఆమె మాటిచ్చింది. మాన్యం కోసం వచ్చాడో, చిక్కనాయకుడి మీద కసితో వచ్చాడో బొల్లప్పకే తెలియదు.

ఇంకో గండం కూడా వెంట ఉంది. దళవాయి కొలువులో ధూమకంఠుడనే మాంత్రికుడు ఉన్నాడు. వేళ్లు మెలివేసి ముద్ర పడితే చాలు, చీమ కావాలంటే చీమ, ఏనుగు కావాలంటే ఏనుగు. మధూలిక మెడలో తల్లి కట్టిన రక్షరేకు ఉన్నంతకాలం వాడు ఆమెను ముట్టుకోలేడు. అంతవరకే నయం.

కోట వెనక గుట్ట దిగి మలుపు తిరిగేసరికి బొల్లప్ప కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

ఎన్నేళ్లయిందో! దారి మారలేదు. మనుషులు నడవని దారి కదా, పూలే నడుచుకుంటూ వచ్చి రెండు పక్కలా బారులు తీరాయి. బండిచాళ్ల మధ్య విష్ణుక్రాంత నీలం నీలంగా, ఆకాశం చిల్లుపడి రాలినట్టు పరుచుకుంది. గట్ల మీద కొండగోగులు, ఒంటి మీద ఒక్క ఆకు లేదు, కొమ్మకొమ్మకూ అరచేతంత పసుపుపచ్చని పువ్వు. ఊడుగ చెట్ల తెల్లపూల వాసన దారికి అడ్డంగా తెర కట్టినట్టు నిలబడింది. కానుగ పూత గాలికి రాలి, ఎర్రమట్టి మీద పేలాలు జల్లినట్టుంది. ఎండ ఇంకా ముదరలేదు. తేనెటీగల రొద తప్ప చప్పుడు లేదు.

మోపు దించి, తలగుడ్డ విప్పి చంకన పెట్టుకుని, ఆ మోటుమనిషి గొంతెత్తి అరిచాడు. "వదినా! కట్టుకునేందుకు బట్ట లేకపోయినా మెడనిండా బంగారమేనే నీకు! అన్న ఏడీ?"

మధూలిక అదిరిపడి అటూ ఇటూ చూసింది. "ఎవరితో మాట్లాడుతున్నావు బొల్లప్పా?"

"నాన్నా అనాలమ్మా! చీపుళ్లోడి కూతురు తండ్రిని పేరు పెట్టి పిలవదు. అదిగో, ఆ కొండగోగు నాకు వదిన. నీకు పెద్దమ్మ. పలకరించు."

"చెట్టునా?"

"ఈ దారిన నోరు మూసుకుని నడిచేవోడు దొంగని లెక్క. పైగా ఇది ఇప్ప పూసే కాలం. చప్పుడు చేయకపోతే ఎలుగు ఎదురుగా వచ్చి కూర్చుంటది. మా ముత్తాత ఈ అడవిలో ఒంటిగా కాపురం పెట్టాడు. పలకరించడానికి మనిషి లేడు. మనుషులు లేకపోతే చుట్టాల్ని మొలిపించుకున్నాడు. ఆ వావి వరసలే మాకు దిగొచ్చినయి. పిలువు మరి, ముసలమ్మకి కోపమొస్తది."

రాజకుమారి గొంతు సవరించుకుంది. కొలువులో దండకం చదివినట్టు "పెద్దమ్మగారికి నమస్కారము" అంది.

"సచ్చాం! 'గారు' అంటే కోటలోంచి దిగిందని చిలకలు కూడా చెప్పేస్తయి. 'పెద్దమ్మా, నీ నగ ఒకటి నాకియ్యవే' అని కింద రాలింది తీసుకో. కోయకూడదు. రాలింది నీది, కొమ్మ మీదుంది ఆవిడది."

ఆమె రాలిన పువ్వొకటి ఏరి చెవి వెనక పెట్టుకుంది. బంగారు కమ్మలు పుట్టినప్పటినుంచీ పెట్టుకున్న పిల్ల ఆ పువ్వును ఒకటికి పదిసార్లు తడిమి చూసుకుంది. బొల్లప్ప చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

అక్కడినుంచి చుట్టరికాలు ఊపందుకున్నాయి. నీలం విష్ణుక్రాంతలు చెల్లెళ్లు, తొక్కకుండా కాలు ఎడంగా వేయాలి. ఊడుగ తాతకు ఒళ్లంతా ముళ్లయినా మనసు మెత్తన. రాళ్లకుప్ప మీద ఉమ్మెత్త తాగుబోతు చిన్నాన్న, దండం పెట్టాలిగాని దగ్గరికి పోకూడదు. కంచె మీద అల్లుకుని నూగుకాయలు వేలాడేసిన దురదగొండి తీగను చూసి మధూలిక చేయి చాపబోతే, బొల్లప్ప ఆమె చేతిని చీపురుతో ఒక్కటేశాడు.

"అది మా వియ్యపురాలు! దూరం నుంచి 'బాగున్నారా వదినగారూ' అని తప్పుకోవాల. ముట్టుకున్నావా, మూడు రోజులు గోక్కున్నా తీరదు."

పిల్ల పకపక నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే వెనకనుంచి గిట్టల చప్పుడు.

ఇద్దరు రౌతులు మలుపు తిరిగారు. పారిపోయే చోటు లేదు. బొల్లప్ప మోపు నెత్తికెత్తుకుని నడుస్తూ, "బాగున్నారా వదినగారూ! మీ అబ్బాయికి ఇంకా పెళ్లి కాలేదా?" అని కంచెతో మాట్లాడుతున్నాడు.

"ఒరేయ్ ముసలోడా! రాజకన్య ఇటు వచ్చిందా?"

"ఆగండి దొరా, వియ్యపురాలితో మాట్లాడుతున్నా గదా. గంగీ! నువ్వైనా పెద్దమ్మని అడుగు, ఎవరైనా వచ్చారేమోనని!"

మధూలిక ఒక కొండగోగు మొదలు కౌగిలించుకుని చెవి ఆనించింది. "పెద్దమ్మా, ఎవరైనా వచ్చారటే?" అని అడిగి, రౌతుల వైపు తిరిగి ఎంతో గంభీరంగా తల అడ్డంగా ఊపింది. "రాలేదంట. ఆమెకి మోకాళ్ల నొప్పులు, అబద్ధమాడదు."

రౌతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తండ్రీకూతుళ్లకు ఒకే పిచ్చి" అన్నాడొకడు. గుర్రాలు వెనక్కి తిరిగాయి. ఆ దుమ్ము అణిగేదాకా ఇద్దరూ కదల్లేదు. తర్వాత నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడ్డారు.

పొద్దు నడినెత్తికెక్కేసరికి మోదుగ తోపు వచ్చింది. చెట్లకు నిప్పంటించి ఎవరో మరిచిపోయినట్టు అడవి అడవంతా ఎర్రగా మండుతోంది. చిలక ముక్కుల్లా వంకర తిరిగిన పూలు గుత్తులు గుత్తులు. కింద నేల కనబడితే ఒట్టు. బొల్లప్ప గొంతులో ఎన్నడూ లేని మార్దవం తొంగిచూసింది. "బావా! మీ చెల్లెలు పోయింది బావా. చెప్పడానికి రాలేకపోయా." ముక్కు చీదుకున్నాడు. "ఇదిగో గంగీ, మోదుగ నీకు మేనమామ. మేనమామకు దండం పెట్టకూడదు. వాడు పెళ్లికి కాచుకుని ఉంటాడు గదా! అందుకని ఆడపిల్ల ఈ దారిన పోతే మామని ఎక్కిరించాలి. మొదలు మీద ఒక చిన్న రాయేసి, 'ముక్కువంకర మావా, నిన్ను చేసుకోను గాక చేసుకోను పో' అనాలి. అన్న తర్వాత జాలిపడి రాలిన పువ్వొకటి కొప్పులో పెట్టుకోవాలి. అదీ వరస."

ఒక నల్లని తుమ్మెద వాళ్లిద్దరి మధ్యా ఝుమ్మని తిరుగుతోంది. పూల మీద వాలదు, పోదు. బొల్లప్ప మాట ముగించి, "ఛీ, పోవే!" అని తలగుడ్డతో ఒక్క విసురు విసిరాడు. అది తోపు దాటి కొట్టుకుపోయింది.

మధూలిక రాయి అందుకోలేదు. ఎర్రపువ్వొకటి చేతిలోకి తీసుకుని దాని వంకర ముక్కును వేలితో నిమిరింది.

"నేను దీన్ని మామ అనను నాన్నా."

"ఎందుకని?"

"ఆ మాట వింటే నాకు వాడి మొహమే కనబడుతుంది. ఇంత అందమైనదాన్ని తమాషాకైనా ఆ మాటతో పిలవలేను. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. అన్నయ్యా అంటాను. తప్పా?"

బొల్లప్ప గడ్డం గోక్కున్నాడు. ముత్తాత పెట్టిన వరస. ఎవరూ మార్చింది లేదు. "తప్పే" అన్నాడు. తలెత్తి పూలగుత్తుల వైపు చూసి, "కానీలే. బావకి చెప్పుకుంటా" అన్నాడు.

ఆమె తన్ను నాన్నా అని ఎవరూ అందించకుండానే అన్నదని అతనికి చాలా దూరం నడిచాక గాని తట్టలేదు.

ఇప్పతోపులో అడుగు పెట్టగానే కల్లు వాసన లాంటి తియ్యని వాసన ముక్కుకు కొట్టింది. నేలంతా కండగల ఇప్పపూలు. బొల్లప్ప గొంతెత్తి పాట అందుకోబోయాడు. ఆలస్యమైంది. ఎదురు పొద చీల్చుకుని నల్లకొండలాంటి ఎలుగుబంటి రెండు కాళ్ల మీద లేచింది. దాని కళ్లు నిప్పుకణికల్లా ఉన్నాయి. వింతేమిటంటే, కాళ్ల కింద అన్ని పూలున్నా దాని మూతికి ఒక్క ఇప్పరేకు అంటలేదు.

"పరిగెత్తు!" అంటూ బొల్లప్ప చీపుళ్ల మోపు దాని మొహాన విసిరాడు. మధూలిక కుడికి, అతను ఎడమకి. రాళ్లు, ముళ్లు, వాగు. కాలు జారి బొల్లప్ప వాగులో దొర్లాడు. ఎలుగు అతని మీదుగా దూకి, గాలిలోనే పొగలా విడిపోయి మాయమైంది.

"దొంగసచ్చినోడా! నువ్వేనట్రా!" అని బొల్లప్ప లేచి, కుంటుకుంటూ దారెక్కి, పిల్లను పిలుస్తూ పరిగెత్తాడు. తన మాన్యం పొలిమేరలో ఒంటరిగా నిలిచిన మోదుగ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

చెట్టు కింద ఇద్దరు మధూలికలు నిలబడి ఉన్నారు.

అదే మసిచీర, అదే బూడిద, చెవి వెనక అదే పసుపుపువ్వు, మెడలో అదే రక్షరేకు. మోకాలి మీద గీరుకున్న చారతో సహా ఒకటే.

"నాన్నా! ఇది మాంత్రికుడు!" అంది ఎడమనున్న పిల్ల.

"నాన్నా! వాడి మాట నమ్మకు!" అంది కుడినున్న పిల్ల.

దూరాన గుట్ట మీద దుమ్ము లేస్తోంది. ఈసారి ఇద్దరు కాదు, పెద్ద గుంపు. పొద్దు వెన్నేటి వైపు వాలుతోంది. తప్పుడు పిల్లను వెంటేసుకుని రేవుకి పరిగెత్తితే అసలు పిల్ల ఇక్కడే ఆ గుంపు చేతికి చిక్కుతుంది. వాడికి కావలసిందీ అదే.

బొల్లప్ప గుబులు పైకి తేలనీయలేదు. వియ్యపురాలు అక్కడా అల్లుకున్న మాన్యం కంచె దగ్గరికి పోయి తలగుడ్డ చేతికి చుట్టుకుంటూ విసుగ్గా అన్నాడు. "ఎవరైతేనేం, దారి మర్యాద దారిది. ముందు పొలిమేర చెట్టుని పలకరించి కదలండి."

ఎడమనున్న పిల్ల చప్పున వంగి చిన్న రాయి తీసింది. ముద్దుగా మొదలు మీద విసిరి, మూతి తిప్పి, "ముక్కువంకర మావా, నిన్ను చేసుకోను గాక చేసుకోను పో!" అంది. రాలిన పువ్వు కొప్పులో పెట్టుకుంది. వరస తప్పలేదు, మాట తప్పలేదు. ముత్తాత లేచి వచ్చినా మెచ్చుకునేవాడు.

కుడినున్న పిల్ల ఏడుస్తూ చెట్టు మొదలుకు నుదురు ఆనించింది. "అన్నయ్యా" అంది. అంతే.

"తప్పు! తప్పు చెప్పింది!" అని ఎగిరింది ఎడమ పిల్ల.

"అవునమ్మా, తప్పే చెప్పింది" అన్నాడు బొల్లప్ప. "నువ్వే సరిగ్గా చెప్పావు." గుడ్డ చుట్టిన చేత్తో దురదగొండి కాయలు దోసెడు లాగి ఆ ముద్దుమొహానికి రెండు చెంపలా పట్టించాడు. "వియ్యపురాలి ముద్దు నీకేరా!"

కెవ్వుమన్న కేకలో ఆడగొంతు మగగొంతయింది. ముద్ర పట్టాల్సిన వేళ్లు మొహం గోక్కుంటుంటే మంత్రం నిలుస్తుందా? చీర పొగైంది, పొగ జడలైంది, జడల కింద ధూమకంఠుడు పోటు తిన్న దున్నపోతులా రంకెలు వేస్తూ వాగుకేసి పరిగెత్తాడు. పోతూ పోతూ నడుముకున్న కొమ్ముబూర తీసి ఊదాడు. గుట్ట మీద దుమ్ము ఆ చప్పుడు వైపు మళ్లింది.

"నడువు తల్లీ!" అని బొల్లప్ప ఆమె చెయ్యి పట్టుకుని గట్టు దూకాడు. దూకి, నిలబడిపోయాడు.

అది అతని మాన్యం. దున్నేవాడు లేక నడుమెత్తు గడ్డి పెరిగి ఎండింది. ఆ ఎండుగడ్డి మధ్య దారిపొడుగునా ఉన్న చుట్టాలంతా వచ్చి కూర్చున్నారు. గాలికి ఎగిరొచ్చిన కొండగోగు వదిన పిల్లలు, మోదుగ బావ మొక్కలు, గట్టు పట్టి నీలం చెల్లెళ్లు, మూలన తాగుబోతు చిన్నాన్న. పెళ్లికొచ్చి ఇంటివాడి కోసం ఎదురుచూస్తున్నట్టు అందరూ ఇటే తిరిగి ఊగుతున్నారు.

"మీరంతా ఇక్కడున్నారా!" అన్నాడు బొల్లప్ప.

గిట్టల చప్పుడు పొలిమేర చెట్టు దాటింది. గాలి ఏటి వైపు నుంచి వీస్తోంది. బొల్లప్ప వేలు తడిచేసి గాలికి పట్టి చూశాడు. తర్వాత ఆమెను ఏటిగట్టు మీదికి తోసి, మొలలోని చెకుముకి రాళ్లు తీశాడు.

మధూలిక అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు నాన్నా! ఇది నీ నేల. నీకు ఇస్తానన్నాను."

"నువ్వు అవతల ఒడ్డుకి చేరితే గదమ్మా ఇచ్చేది." వంగి గడ్డి దుబ్బు చేత పట్టుకున్నాడు. "వదినా, బావా, కాస్త కళ్లు మూసుకోండి. ఇంకో వానకి లేద్దురుగాని."

రాయి రాయి తగిలింది. నిప్పురవ్వ గడ్డిలో పడి ఒక్క గుటక మింగింది. గాలి దాన్ని ఎత్తుకుని రౌతుల మీదికి పరిచింది. గుర్రాలు నిటారుగా లేచాయి. మోదుగపూలకూ మంటకూ తేడా లేకుండా పోయింది. ఇటు నుంచి అటు దాకా ఎర్రటి గోడ నిలబడింది.

ఏటిగట్టు మీద ఇద్దరూ వగరుస్తూ నిలుచున్నారు. వాగు ఏట్లో కలిసే వైపు నుంచి పడవ ఒకటి ఇటే వస్తోంది. ముసుగు కప్పుకున్న పడవవాడు ఒక చేత్తో గెడ వేస్తూ రెండో చేత్తో చెంప గోక్కుంటున్నాడు. ఆగి మెడ గోక్కున్నాడు. మళ్లీ చెంప.

బొల్లప్ప చూశాడు. చప్పుడు చేయకుండా తలగుడ్డ మడతలో మిగిలిన రెండు నూగుకాయలను తడిమి చూసుకున్నాడు.

మధూలిక ఇంకా మంట వైపే చూస్తోంది. బూడిద చెంపల మీద నీళ్లు చారలు కట్టాయి.

"ఎంత నేల నాన్నా ఇది?"

బొల్లప్ప పడవ మీది నుంచి చూపు తిప్పలేదు.

"రెండు పుట్ల ఎనిమిది తూములు తల్లీ. గట్లతో కలిపి."